వదిలే ఊపిరి

మా ఆయనకు చావంటే భయం లేదు. వాళ్లన్న పోయినట్టు పోవడమంటేనే భయం. ఈ రెండింటికీ తేడా తెలియని వాళ్లు మా ఇంటికి వచ్చి ధైర్యం చెప్పి పోయేవాళ్లు. "అందరం పోయేటోళ్లమే" అని ఒకరు, "నీకేమైతది, గట్టోనివి" అని ఇంకొకరు. వాళ్లను సాగనంపి తలుపేసుకున్నాక నాకు ఒళ్లు మండేది. పోయేదాని గురించి కాదయ్యా ఆయన బెంగ, ఎలా పోతాడన్నదే బెంగ అని అరవాలనిపించేది.

వాళ్లన్న, నాకు బావ, తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో పనిచేశాడు. మా ఆయనదీ అక్కడే పని. గనిలోంచి వచ్చిన బండను యంత్రం మీద నున్నగా చేసేటప్పుడు నీళ్లు పారుతుంటాయి కాబట్టి దుమ్ము అంతగా లేవదు. అంచులూ మూలలూ మాత్రం చేతి కట్టర్‌తో పొడిపొడిగానే కోస్తారు. అన్నదమ్ములిద్దరూ ఆ కోతలోనే పేరు తెచ్చుకున్నారు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. పెళ్లైన కొత్తలో పిండిగిర్నీలో పడి లేచినట్టున్నావని నవ్వేదాన్ని. నేను అదే ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో చిన్న తరగతులకు తెలుగు చెబుతాను. సుద్దముక్క పొడి నా చేతులకూ అంటేది. ఇద్దరం పొడి మనుషులమే అనుకునేదాన్ని. ఆయన ఒంట్లోకి పోతున్నది వేరే పొడి అని అప్పుడు తెలియదు.

మా బావ ఆఖరి రోజున మేమంతా అక్కడే ఉన్నాం. ఊపిరి అందక ఆయన కూర్చోలేకపోయాడు, పడుకోలేకపోయాడు. లేచి గోడను పట్టుకుని గోకాడు. సున్నం గోళ్లలోకి పోయింది. కళ్లు మా ముఖాల మీద ఒక్కొక్కరి మీదుగా తిరిగాయి, మాలో ఎవరో గాలిని దాచిపెట్టి ఇవ్వడం లేదన్నట్టు. మా యారాలు, బావ భార్య, ఆ చూపు తట్టుకోలేక బయటికి పరుగెత్తింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. కార్యం ముగించుకుని వచ్చి, స్నానం చేసి, తల తుడుచుకుంటూ నాతో ఒక్క మాట అన్నాడు.

"నాకు గట్ల కావొద్దు."

అప్పటికే ఆయనకూ దగ్గు ఉంది. మెట్లెక్కితే ఆయాసం. మొదట టీబీ అన్నారు, నెలల తరబడి మాత్రలు మింగించారు. తగ్గలేదు. చివరికి వికారాబాద్‌లో ఒక ఛాతీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పట్టి చూసి, దుమ్ము పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని చెప్పాడు. పోయిన భాగం తిరిగి రాదట. మిగిలినదాన్ని కాపాడుకోవాలట. పని మానెయ్యమన్నాడు. పోతూ పోతూ, ఆస్పత్రి వెనక హాల్లో ఆదివారాలు యోగా నేర్పుతారు, వెళ్లి ఊపిరి నేర్చుకోండి అన్నాడు.

ఊపిరి నేర్చుకోవడమేమిటని నాకు చిర్రెత్తింది. మందు లేదని నేరుగా చెప్పలేక ఇలా పక్కదారి పట్టిస్తున్నాడనుకున్నాను. యోగా అంటే నా లెక్కలో కాలు తీసి మెడ మీద వేసుకోవడం, టీవీలో చూసి ఛానల్ మార్చడం. మా ఆయన మాత్రం ఆ మాటను పట్టుకున్నాడు. వాళ్లన్నకు ఎవరూ ఇది చెప్పలేదు కదా, ఏమో అన్నాడు.

అలా ఆదివారం పొద్దున్నే తాండూరులో పాసింజర్ ఎక్కేవాళ్లం. మధ్యలో ధారూర్ స్టేషన్‌లో మా ఆయన అక్క, నాకు వదిన, ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉండేది. బండి ఆగేది కాసేపే. కిటికీలోంచి బట్టలో చుట్టిన వేడి జొన్నరొట్టెలు లోపలికి తోసి, తమ్ముడి ముఖం ఒకసారి చూసి, బండి కదిలే దాకా కిటికీ పట్టుకుని నిలబడేది. పెద్ద తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి. రొట్టెలివ్వడం కంటే ఆ చూపు కోసమే వచ్చేదని నాకు తెలుసు.

ఆ బండిలో సేడం వైపు నుంచి వచ్చే కన్నడం వాళ్లు ఉండేవాళ్లు. ఒకసారి ఎదురుగా కూర్చున్న ముసలామె మా ఆయన ఎగశ్వాసను చూసి, నా చెయ్యి తట్టి, "ఉసిరు, ఉసిరు" అంది జాలిగా. ఉసిరికాయలు అడుగుతోందనుకుని, ఇప్పుడు కాలం కాదమ్మా, కార్తీకంలో వస్తాయి అన్నాను. మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతో వంగిపోయాడు. పాలిష్ యూనిట్‌లో కన్నడం కూలీలతో పనిచేసిన మనిషి కాబట్టి ఆయనకు తెలుసు, వాళ్ల మాటలో ఉసిరంటే ఊపిరి. తెలుగు టీచరుకు ఉసురన్నా గుర్తు రాలేదా అని వికారాబాద్ దాకా ఎక్కిరించాడు.

హాల్లోకి అడుగు పెట్టగానే మా ఆయన నేలను చూశాడు. మా తాండూరు బండలే. "అంచులు సక్కగ కొయ్యలె" అన్నాడు. యోగా నేర్పే మేడం వయసులో మాకంటే చాలా చిన్నది. ఫిల్ము చూసింది, ఆయన చేత కాసేపు ఊపిరి పీల్పించి వదిలించింది.

"అంకుల్, నేను దుమ్ము తియ్యలేను. అది ముందే చెప్తున్నా" అంది. "మీకు గాలి లోపలికి పోతలేదని కదా భయం. మీ అసలు కష్టం గాలి బయటికి పోకపోవడం. పాత గాలి లోపలే ఉంటే కొత్తదానికి జాగ ఏది? భయపడి ఇంకా ఇంకా గుంజుకుంటున్నరు. గుంజకండి. వదలండి."

"వదులుడు నా చేతుల్నే ఉంటే ఇంకేంది మేడం" అన్నాడు మా ఆయన. మా వైపు ఊపిరి వదిలాడంటే మనిషి పోయాడనే అర్థం.

ఆ అమ్మాయి నవ్వలేదు. వేడి ఛాయ్ ఊదినట్టు పెదాలు గుండ్రంగా చేసి, మెల్లగా, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలడం చూపించింది. మోచేతులు తొడల మీద ఆన్చి ముందుకు వంగి కూర్చోవడం, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ చెయ్యిని ఊపిరితో లేపడం, నోరు మూసి తేనెటీగలా హుమ్మంటూ ఊపిరిని పొడిగించడం. నన్ను గోడకు ఆనుకుని ఊరికే కూర్చోనివ్వలేదు. ఆంటీ, మీరూ చెయ్యండి, ఇంట్లో ఆయనకు తోడెవరు అంది. గొణుక్కుంటూనే చేశాను. బల్లల మధ్య నిలబడీ నిలబడీ నా నడుము అప్పటికే పనికిరాకుండా పోయింది, బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చివర్లో అందరినీ నేల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. మా ఆయన చదునుగా పడుకోలేడు కాబట్టి వీపు కింద దిండ్లు పేర్చి, కళ్ల మీద తెల్లబట్ట మడిచి వేసింది. కాళ్లు, చేతులు, దవడ, నుదురు, ఒక్కొక్కటే వదిలెయ్యమంది. కాసేపటికి హాల్లో గురక వినిపించింది. అది మా ఆయనదే. ఆయన అంత నిశ్చింతగా నిద్రపోవడం చూసి ఎంత కాలమైందో, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తిరుగు ప్రయాణంలో ఆ ఆఖరిదాని పేరేమిటని అడిగాడు. మేడం పేరు చెప్పకుండానే చేయించింది. నాకు బడి నోరు ఊరుకోదు కదా. శవాసనం అన్నాను. అంతటితో ఆగొచ్చు. శవ, ఆసనం, సవర్ణదీర్ఘ సంధి అని విడదీసి కూడా చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. ధారూర్ దాటే దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

"పీన్గ లెక్క పండుమన్నదా నన్ను?"

మరుసటి ఆదివారం అన్నీ చేశాడు కానీ నేల మీద పడుకోనన్నాడు. మేడంకు అర్థం కాలేదు, నాకు అర్థమైంది. మా వైపు మనిషి ప్రాణం పోతోందనగా మంచం మీది నుంచి ఎత్తి నేల మీద పడుకోబెడతారు. "కిందేసిండ్రు" అంటే ఇక అయిపోయిందని కబురు. ఆ మాట వింటే చుట్టాలు అన్నం ముందు నుంచి లేచి బయల్దేరతారు. పుట్టిన నాటి నుంచి నేల మీదే తిని, నేల మీదే పని చేసిన మనిషి, ఇప్పుడు నేల మీద పడుకుంటే పిలిచి తెచ్చుకున్నట్టు అవుతుందన్నాడు. విడదీసి చెప్పమని నన్నెవరు అడిగారని నా నోటినే తిట్టుకున్నాను. ఇంటికొచ్చాక అది బండాసనం అని కొత్త పేరు పెట్టాను. బండ మీద బండలా ఉండటం. బండ ఊపిరి కోసం కొట్లాడదు కదా అన్నాను.

"గట్లయితే సరే" అన్నాడు. పేరు మారితే చాలు కొన్నిటికి.

ఇంట్లో రోజూ పొద్దున ఇద్దరం కూర్చునేవాళ్లం. మేం హుమ్మంటుంటే పక్కింటి పెద్దమ్మ వచ్చి, మీ కూలర్ ఖరాబైనట్టుందే, చలికాలంల గూడ నడిపిస్తున్నరా అంది. నవ్వుకున్నాం. కానీ ఆయాసం తన్నుకొచ్చినప్పుడు ఈ నేర్చుకున్నదేదీ గుర్తుండేది కాదు. ముందు దగ్గు, తర్వాత గాలి అందకపోవడం, వెంటనే ఆయన కళ్లల్లో మా బావ కళ్లు. చేతికి దొరికినదాన్ని పట్టుకునేవాడు, ఎక్కువసార్లు నా మణికట్టునే. వేళ్ల అచ్చులతోనే బడికి పోయేదాన్ని. భయం గాలిని అడ్డుకునేది, గాలి అందకపోతే భయం పెరిగేది. మేడం చెప్పిన దాంట్లో సారమంతా ఇదే. ఊపిరితిత్తులు మన చేతుల్లో లేవు, భయాన్ని మాత్రం ఊపిరితోనే పట్టుకోవచ్చు. వినడానికి తేలిక.

మలుపు తిరిగింది ఒక చలికాలపు ఆదివారం. ఆ రోజు పాసింజర్ రద్దయింది, ఇంట్లోనే చేశాం. ఆఖర్న ఆయనను ముందుగదిలో చాప మీద పడుకోబెట్టి, దిండ్లు పేర్చి, కళ్ల మీద తెల్లబట్ట వేసి, చలిగా ఉందని దుప్పటి గుండెల దాకా కప్పి, నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. పక్కింటి పెద్దమ్మ కరివేపాకు కోసం వచ్చిందట. గడపలోంచి చూసింది. నేల మీద మనిషి, ముఖం మీద తెల్లబట్ట, పక్కన ఎవరూ లేరు. నోరెత్తకుండా వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడే మా వదిన కొత్త కందిపప్పు సంచితో బస్సు దిగి సందు మలుపు తిరిగింది. ఎదురుపడ్డ పెద్దమ్మ, "నీ తమ్ముని కిందేసిండ్రే" అంది.

నాకు ముందు వినిపించింది ఏడుపు. ఆడవాళ్లు పీనుగ మీద పడి ఏడ్చే ఏడుపు. ఎవరింట్లోనో అనుకునేంతలో అది మా ముందుగదిలోంచి వస్తోందని తెలిసింది. చేతుల నిండా సబ్బుతో పరుగెత్తాను. మా వదిన ఆయన కాళ్ల మీద పడి ఉంది.

"ఓ తమ్ముడా, దుమ్ము దుబ్బ తిని బతికితివా తమ్ముడా, అన్న యెనుకనే పోతివా తమ్ముడా, ఇగ నేను రొట్టెలు ఎవలికియ్యాలె తమ్ముడా..."

నేను ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయాను. గిన్నెలు తోముతుంటే పోయాడు, గిన్నెలు తోముతుంటే పోయాడు అని అదే మాట తలలో తిరిగింది. గడప దగ్గర పెద్దమ్మ, ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. అప్పుడు తెల్లబట్ట కింది నుంచి గొంతు వచ్చింది.

"అక్కా, రొట్టెలు తెచ్చినవా లేదా?"

ఎవరెవరు ఎటు పరుగెత్తారో నాకు తెలియదు. పెద్దమ్మ చెప్పు ఒకటి మా గడపలోనే ఉండిపోయింది. ఆయన బట్ట తీసి లేచి కూర్చుని నవ్వాడు. మా వదిన ఆయన వీపు మీద రెండు చరిచి, మళ్లీ కౌగిలించుకుని, మళ్లీ చరిచింది. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమైంది. నేను చూసిన వాటిల్లో అది పెద్దది. పెదాలు నల్లబడ్డాయి. మా వదిన ఏడుపు ఆపేసి కొయ్యబారిపోయింది. పెద్ద తమ్ముడి ఆఖరి రోజును చూసిన కళ్లు ఆమెవి. నేను నా మణికట్టు ముందుకు చాచాను, అలవాటుగా. ఆయన పట్టుకోలేదు. తల అడ్డంగా ఊపి, మోచేతులు తొడల మీద ఆన్చి, ముందుకు వంగి, పెదాలు గుండ్రంగా చేసి వదిలాడు. మళ్లీ వదిలాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం, ఊపిరి లేని మనిషి వదులుతూ ఉన్నాడు. కొంతసేపటికి పెదాల నలుపు పోయింది. చెమట తుడుచుకుని మా వైపు చూశాడు.

"సూసిండ్రా. ఏం కాలె."

భోజనాలయ్యాక, మొదటి కేకకే మెలకువ వచ్చిందనీ, కావాలనే కదలకుండా విన్నాననీ ఒప్పుకున్నాడు. పోయినంక ఏడ్చే ఏడుపును బతికుండగా వినే మోక ఎవనికి దొరుకుతది అన్నాడు. పోవడమంటే ఇంతేనా అనిపించిందట. ఆ రోజు తర్వాత ఆయాసం తగ్గలేదు కానీ, అందులోంచి ఆ చూపు పోయింది. నా మణికట్టు మీద అచ్చులు పడటం ఆగింది. యోగా వల్ల ఏం జరుగుతుందని ఎవరన్నా నన్నడిగితే ఈ ఒక్కదానికి నేను సాక్ష్యం చెప్పగలను. మనిషి తన ఒంట్లోనే చిక్కుకుపోయినప్పుడు కూర్చోవడానికి చారెడు చోటు చూపిస్తుంది.

ఇంకోటి కూడా జరిగింది, అది నాకు నచ్చలేదు. నేను బాగుపడ్డాను. నడుము నొప్పి పోయింది. మోకాళ్లు కిర్రుమనడం మానేశాయి. వికారాబాద్ డాక్టరు నా బీపీ చూసి మాత్ర సగం చేశాడు. బడిలో పిల్లలు టీచర్ కొడతలేదని ఇళ్లలో చెప్పుకున్నారట. ఆయన కోసం మొదలుపెట్టిన పని ఆయన ఊపిరితిత్తుల్లో ఒక్క రవ్వ దుమ్మును కదిలించలేకపోయింది కానీ, అడగని నాకు ఆరోగ్యం పోసింది. ఆయన మెట్ల దగ్గర ఆగిపోతుంటే నేను గబగబా ఎక్కి పైన నిలబడేదాన్ని. సిగ్గేసేది.

"దవా నాది, గుణం నీకు" అనేవాడు ఆయన. ఆయన నవ్వుతూనే అనేవాడు. నాకు మాత్రం ఆ దేవుడెవడో ఎదురుపడితే చెంప పగలగొట్టాలనిపించేది.

మిగిలినదంతా ఆయన ఒళ్లు దిగజారడమే. ఒక వానాకాలం, రైలు మెట్టు ఎక్కలేక మా ఆయన ప్లాట్‌ఫాం మీదే బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఆ రోజు ధారూర్‌లో రొట్టెలతో నిలబడ్డ మా వదిన ముందు నుంచి బండి మేం లేకుండానే పోయింది. తర్వాత మేడం ఫోన్లో వీడియో పెట్టి చేయించేది. ఆ తర్వాత గాలి మిషన్ వచ్చింది. ముక్కుకు గొట్టం, గది మూల గురగుర. మనిషి సగమయ్యాడు. చేతులెత్తే ఆసనాలు పోయాయి, హుమ్మనడం పోయింది, మాటలు కూడా చిన్నవయ్యాయి. చివరికి మిగిలింది వదలడం ఒక్కటే. మంచం మీద దిండ్లకు ఆనుకుని, వంగి, పెదాలు గుండ్రంగా చేసి.

ఆ రోజుల్లో నేను నిద్రపోయేదాన్ని కాదు. పసిపిల్ల తల్లిలా ఆయన ఊపిరి వింటూ ఉండేదాన్ని. ఒకటి ఆలస్యమైతే లేచి కూర్చునేదాన్ని. మాకు పిల్లలు లేరు, ఆ చెవి అప్పుడొచ్చింది నాకు. బడిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ ఒకసారి తూలి పడ్డాను. ఆ సంగతి మా ఆయనే మేడంకు ఫోన్లో చెప్పాడు, చాడీ చెప్పినట్టు.

"ఆంటీ, మీరు పడిపోతే అంకుల్‌ను ఎవరు చూస్తరు?" అని ఆ అమ్మాయి నన్ను కోప్పడింది. పడుకుని చేసే సాధన ఒకటి చెప్పింది. ఆయన ఊపిరినే వినమంది, కానీ కాపలా కాసినట్టు కాదు. ఆయన వదిలినప్పుడు నన్నూ వదలమంది, ఒళ్లంతా బరువు నేలకు ఇచ్చెయ్యమంది. మొదట్లో కుదరలేదు. తర్వాత కుదిరింది. ఎంత కుదిరిందంటే, చాప మీద వాలి ఆయనతో పాటు నాలుగు ఊపిర్లు వదిలేసరికి నేను బావిలో పడ్డట్టు నిద్రలో పడిపోయేదాన్ని. ఆయన సంబరపడేవాడు. నేను గురక పెడుతున్నానని మా వదినకు ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం. పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. మూతి తుడిచి, దిండ్లు సర్ది, మంచం పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పెట్టాను. నాకు కళ్లు మూతలు పడుతుంటే చూసి, "పండు, జరసేపు పండు. నాకేం ఫికర్ లేదు" అన్నాడు. చాప మీద వాలాను. ఆయన వదిలాడు, నేనూ వదిలాను. ఇంకోసారి వదిలాడు. నాకు గుర్తున్నది అంతవరకే.

లేచేసరికి ఎండ గోడ దిగి గడప దాకా వచ్చింది. మూలన మిషన్ ఎప్పటిలాగే గాలి పోస్తోంది. ఆయన దిండ్లకు ఆనుకునే ఉన్నాడు, తల కొంచెం పక్కకు ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నేను అరవలేదు. ముందు గోడ చూశాను. గోడ మీద ఏమీ లేదు. గోళ్లు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. దుప్పటి నలగలేదు. ముఖం మామూలుగా ఉంది. వాళ్లన్నలా పోలేదు, దేవుడా, వాళ్లన్నలా పోలేదు అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు మంచం కింద గ్లాసు కనిపించింది.

స్టూలు మీద పెట్టిన గ్లాసు నేల మీద పడి, దొర్లి, మంచం కోడుకు ఆగి ఉంది. నీళ్లు ఒలికి ఆరిపోయి, బండ మీద మరక మాత్రమే మిగిలింది. బండ మీద స్టీలు గ్లాసు పడితే ఎంత చప్పుడవుతుందో తాండూరులో ఎవరికీ చెప్పనవసరం లేదు. పక్కింటి వాళ్లు కూడా ఉలిక్కిపడతారు. అది నా తలకు బెత్తెడు దూరంలో పడింది. నాకు మెలకువ రాలేదు.

అడగని వాళ్లకు కూడా చెప్పాను ఆ సంగతి. మా వదిన, "నిద్రల చెయ్యి తాకి పడ్డదే, పుణ్యాత్ముడు, నిద్రలనే పోయిండు" అంది. డాక్టరు, ఇలాంటి జబ్బులో చివర మత్తు కమ్ముతుంది, తెలియకుండానే పోయుంటారు అన్నాడు. మేడం వచ్చి నా పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు, దానికి మాత్రం నేను రుణపడి ఉంటాను. అందరూ చెప్పింది నిజం కావచ్చు. దాహమై చెయ్యి చాపి ఉండొచ్చు. నన్ను లేపడానికి కావాలనే తోసి ఉండొచ్చు. పిలిచే గొంతు ఆయనకు లేదు, ఉన్నది ఆ గ్లాసే. ఒకవేళ తోసి, నేను లేవకపోతే, అప్పుడాయన ఏం చేశాడు? నా గురక వింటూ వదులుతూ కూర్చున్నాడా? భయపడ్డాడా? ఆ కళ్లు నా ముఖం మీద తిరిగాయా? ఆయనకు దేని కోసం అంత కష్టపడి నేర్పామో అది దక్కిందో లేదో చూడాల్సిన ఒక్క మనిషినీ నేనే. నేను హాయిగా నిద్రపోయాను.

నేను ఇప్పటికీ రోజూ చేస్తాను. మానేద్దామనుకుని కొన్నాళ్లు మానేశాను, నడుము మళ్లీ పట్టుకుంది. ఒంటికి సిగ్గూ దుఃఖమూ తెలియవు. బీపీ మాత్ర పూర్తిగా ఆపేశారు. నా వయసు వాళ్లు కింద కూర్చుని లేవలేక మూలుగుతుంటే నేను చేతులాన్చకుండా లేస్తాను.

మొన్న ఒకామె మా సంగతి విని వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. భర్త పాలిష్ యూనిట్‌లో అంచులు కోస్తాడట, ఫిల్ము తీయించారట. అదంతా ఆమె చెప్పకముందే నాకు తెలిసింది, ఆమె కళ్ల కింద నలుపు చూసి. గడపలోనే నిలబడి అడిగింది.

"యోగా జేస్తె మా ఆయనకు మంచిగైతదా అక్కా?"

"కాదు" అన్నాను. "ఊపిరి పోయినకాడికి పోయినట్టే. పని బంద్ జెయ్యమను ముందు. దీంతోటి భయం తగ్గుతది. నువ్వు గూడ ఆయనతోటి కూసోని చెయ్యాలె."

"నాకేం ఫాయిదా?"

నడుము గురించి చెప్పొచ్చు, బీపీ గురించి చెప్పొచ్చు. అవీ నిజాలే, కానీ అసలు నిజం అవి కాదు.

"నిద్ర పడ్తది" అన్నాను.

ఆమె అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేసింది. "గదొక్కటి పడితే సాలక్కా. ఆయన ఊపిరి ఇనుకుంట కూసుంటున్న. పండుకోని ఎన్ని దినాలైందో" అంది.

లోపలికి రమ్మని చాప పరిచాను.